తాడు కనిపించిన సినిమా

“రేపు పొద్దుగాల బస్సుకు ఆ సినిమా డబ్బాను పెద్దపల్లికి పంపుతున్న. ఇంక మాట్లాడకు లచ్చక్కా.”

“ఒక్క మ్యాట్నీకే పంపుతవా? ఆదివారం దాక ఉంచు సేటూ.”

“ఆదివారం దాక ఉంచితే బెంచీలు మిగుల్తయా? మొగోళ్ళు తెర మీదికి పల్లికాయ పొట్టు ఇసిరిండ్రు. తాడు, తాడు అని ఒర్రిండ్రు. పైసలు వాపస్ ఇయ్యమని నా మీదికి వచ్చిండ్రు. నువ్వు సూడలే?”

“నేను ఆడోళ్ళ దిక్కు సూసిన. నా పని గదే గద.”

“ఆడోళ్ళ దిక్కు సప్పుడే లేదు! ఒక్కతి ఏడ్వలే, ఒక్కతి ముక్కు చీదలే. చెక్కిన బొమ్మల లెక్క కూసున్నరు.”

“ఏడ్వనీకి అది సావు సినిమానా? చంద్రుని మీదికి పోయే సినిమా.”

“చంద్రుని మీదికా! నూనె పీపల కూసోని పోయిండ్రు. మన ఊరి బడి పంతులు ఏమన్నడో తెల్సా? చంద్రుని మీద గాలే లేదట. వడియాలు ఎట్ల ఎండుతయి అని నన్ను పట్టుకొని అడిగిండు. నా దగ్గర జవాబున్నదా?”

“వడియాలు ఎండకు ఎండుతయి, గాలికి గాదు. పోయి చెప్పు.”

పైన మిషను గది కిటికీలోంచి ఆపరేటర్ మహబూబ్ భాయి కిసుక్కున నవ్వాడు. సేటు తల ఎత్తి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

ఇది మంథనిలో మా రేకుల టాకీసు మెట్ల మీద, ఒక శుక్రవారం మ్యాట్నీ వదిలిన తర్వాత జరిగిన మాట. సేటు అంటే టాకీసు యజమాని రాజేశం. నేను ఆడవాళ్ళ గేటు దగ్గర టికెట్లు చింపేదాన్ని. ఆ పోట్లాట ఎటు పోయిందో చెప్పాలంటే ముందు నా పని ఏమిటో చెప్పాలి.

స్టూలు మీద పని

మా వీధి చివర ఇప్పుడు కొత్త హాలు కడుతున్నారు. అందులో ఆడవాళ్ళ కిటికీ దగ్గర కుదిరిన పిల్ల మొన్న ఇంటికి వచ్చి, “అమ్మమ్మా, గా పనిల నేర్చుకునేది ఏముంటది? టికెట్ చింపుడే గద” అంది. టికెట్ చింపడం అర్ధ దినంలో వస్తుంది. మిగతాది రావడానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది. ఆ మిగతాది ఈ పిల్ల కోసం రాస్తున్నాను.

నేను చదివింది మూడో తరగతి, అదీ నిజాం కాలంలో ఉర్దూ బడిలో. తెలుగు అక్షరాలు ఆ తర్వాత టాకీసు గోడ మీది పోస్టర్లు చూసి కూడబలుక్కున్నాను. అందుకే నా అక్షరాలు ఇప్పటికీ లావుగా ఉంటాయి. చిరిగిన పోస్టర్ల వెనక తెల్లగా ఉండే దిక్కు రాసి నేర్చుకున్నాను. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా మనవడు సగం వాడి పారేసిన నోటుబుక్కులోనే. మిగిలిన కాగితం కాగితమే.

మాది నేత ఇల్లు. మగ్గం సగం రోజులు ఊరికే ఉండే కాలం వచ్చినప్పుడు బయట పని వెతుక్కున్నాను. రాజేశం సేటు నన్ను అంగట్లో చింతపండు బేరం చేస్తుండగా చూశాడు. అమ్మేవాడు చివరకు దండం పెట్టి ఇచ్చేశాడు. “నా గేటుకు గిసొంటి మనిషే కావాలె” అని మరుసటి దినం కబురు పంపాడు. నా ఉద్యోగానికి జరిగిన పరీక్ష అదొక్కటే.

హాలు నడుమ ఛాతీ ఎత్తు గోడ. అవతల మగవాళ్ళు, ఇవతల ఆడవాళ్ళు. గేటు లోపలి పక్కన నా స్టూలు. దాన్ని తెరకు వీపు చేసి వేసుకునేదాన్ని. పిల్లా, ఇది బాగా గుర్తు పెట్టుకో. తెర చూస్తూ కూర్చుంటే జనం కనిపించరు. ఎవరి పిల్లవాడు గేటు దిక్కు పాకుతున్నాడో, ఎవరికి కళ్ళు తిరుగుతున్నాయో, ఎవరు ఎవరి జాగా లాక్కున్నారో తెలియాలంటే జనం దిక్కే చూడాలి. ఎన్నో సినిమాలు నేను విన్నానే గాని చూడలేదు.

ఒకసారి ఒకాయన గేటుకు వచ్చి, “మా ఆడిదాన్ని పిలువు, బువ్వ ఒండలే” అన్నాడు.

“లోపల తెర మీద కోడల్ని ఇంట్లకెళ్ళి ఎళ్ళగొడ్తుండ్రు. గిప్పుడు పిలిస్తే నీకు బువ్వ గాదు, పొయ్యిల కట్టె పడ్తది” అన్నాను.

ఆయన మెట్టు మీద కూర్చుని సినిమా అయిపోయేదాకా ఆగాడు. మనిషిని ఎప్పుడు లేపాలో, ఎప్పుడు లేపకూడదో తెలియడం ఈ పనిలో సగం.

మా ఊరి ఆడవాళ్ళలో చాలామంది బీడీలు చుట్టేవాళ్ళు. శుక్రవారం కార్ఖానాకు సెలవు. కానీ శనివారం పొద్దున బీడీలు అప్పజెప్పాలి గనుక సెలవునాడూ చేతులకు సెలవు ఉండేది కాదు. శుక్రవారం మ్యాట్నీకి చాటలతోనే వచ్చేవాళ్ళు. చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. చీకట్లో ఒళ్ళో చాట పెట్టుకుని, కళ్ళు తెర మీద ఉంచి, వేళ్ళతోనే చుట్టి దారం కట్టేవాళ్ళు. సేటు మొదట వద్దన్నాడు. “అగ్గి లేని బీడీకి భయమెందుకు?” అంటే ఊరుకున్నాడు. ఇక సినిమా నడుస్తున్నంతసేపూ నా ముందు ఆకుల చప్పుడు సన్నగా వినిపిస్తూ ఉండేది.

సేటు కొలత, నా తప్పు

రాజేశం సేటు చెడ్డవాడు కాదు. ఎండాకాలం ఆడవాళ్ళ దిక్కు రెండు కుండల చల్లని నీళ్ళు పెట్టించేవాడు. గేటు దగ్గర నా మాటకు ఎన్నడూ అడ్డు రాలేదు. కానీ ఆయనకు ఒక గట్టి నమ్మకం ఉండేది. ఆడవాళ్ళు ఏడిస్తే సినిమా ఆడుతుంది, ఏడవకపోతే పోతుంది. ఇంటర్వెల్ కాగానే నా గేటుకు వచ్చి, “కొంగులు తడిసినయా?” అని అడిగేవాడు. నేను చెప్పినదాన్ని బట్టి సినిమా ఉంచేవాడు, తీసేవాడు. నా మాట మీద డబ్బా కదలడం నాకు గర్వంగా ఉండేది. అంతకన్నా పెద్ద పదవి ఆ టాకీసులో లేదనుకునేదాన్ని.

ఒక ఏడు, చెరువు తెగి ఊరు మునిగే కథ ఒకటి వచ్చింది. ఆడవాళ్ళు కదలకుండా కూర్చున్నారు. కన్నీళ్ళు లేవు. “కొంగులు పొడిగనే ఉన్నయి సేటూ, తీసెయ్యి” అన్నాను. శనివారం తీసేశాడు.

ఆదివారం మధ్యాహ్నం పోశవ్వ చెల్లెలు వచ్చింది. పోశవ్వ మా ఊరి బీడీల ఆడవాళ్ళలో పెద్ద నోటి మనిషి. తను శుక్రవారం చూసి, గోదావరి పక్క ఊళ్ళో ఉన్న చెల్లెలికి కబురు పెట్టింది. ఆ పిల్ల చంకలో బిడ్డతో, ఇంకొందరు ఆడవాళ్ళను వెంటేసుకుని నడిచి వచ్చింది. గోడ మీద వేరే పోస్టరు ఉంది. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. మా కుండలో నీళ్ళు తాగి, బిడ్డను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, వచ్చిన దారినే మర్లింది.

మాట అన్నది పోశవ్వ.

“నీకు కండ్లున్నయా లచ్చక్కా? మా మొఖాలు జూసుకుంట కూసుంటవ్. మా మొఖాల ఏం దొరుకుతది? అత్తల ముంగట, మొగోళ్ళ ముంగట మూసుకొనుడు అలవాటైన మొఖాలు. చేతులు జూడరాదు? ఆ దినం ఒక్కతన్న బీడీ చుట్టిందా?”

నిజమే. చెరువు తెగిన తర్వాత ఆకుల చప్పుడు ఆగిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. విన్నాను, పట్టించుకోలేదు. ఆనాటి నుంచి నా కొలత మార్చుకున్నాను. సినిమా వదిలాక బయటికి వచ్చే చాటలు చూసేదాన్ని. చాట నిండా బీడీలుంటే సినిమా చప్పన. ఆకు ఆకుగానే ఉంటే సినిమా వాళ్ళను పట్టుకుందన్నమాట. ఈ కొలత ఎన్నడూ తప్పలేదు.

అయితే నేను తప్పు చెప్పానని సేటుకు చెప్పలేదు. చిన్నతనం అనిపించింది. ఆయన కొంగులు అడుగుతూనే ఉన్నాడు, నేను చాటలు చూసి కొంగుల మాటగా చెబుతూనే ఉన్నాను. మొదటి తప్పు కన్నా ఇది పెద్ద తప్పు. పని చేసే తీరు మారినప్పుడు పైవాడికి చెప్పాలి. చెప్పకపోతే అవసరమైన దినం నీ మాట ఆయనకు అర్థం కాదు.

తిరిగి చూసిన దినం

ఇక ఆ చంద్రుడి సినిమా. పేరు రాయను, ఇప్పుడు వెతికినా దొరకదు. చిన్న కంపెనీ తీసింది. పేరున్న మనిషి ఒక్కరూ లేరు. పోస్టరు మీద మాత్రం ఆకాశమంత రాకెట్టు, మెరుపులు, మంటలు వేశారు. మగవాళ్ళు ఆ పోస్టరు చూసి వచ్చారు.

కథ ఇంతే, ముందు సగం పోశవ్వ తర్వాత చెప్పగా తెలిసింది. ఒక బడిపంతులు పెరట్లో రాకెట్టు చేస్తాడు. అత్తగారు వడియాలు ఎండబెట్టడానికి ఎత్తైన జాగా చూసి దాని మీదికి ఎక్కుతుంది. ఏదో మీట తగిలి రాకెట్టు లేస్తుంది. అల్లుడూ అత్తా చంద్రుడి మీద పడతారు. అక్కడివాళ్ళ నెత్తి మీద చాటలు బోర్లించి ఉంటాయి. ఒక్కొక్క కాలు మెల్లగా ఎత్తి, తేలుతున్నట్టు నడుస్తారు. వండుకోవడం తెలియదు. అత్తగారు వాళ్ళకు పొయ్యి పెట్టడం నేర్పుతుంది. ఆమె కూడా అక్కడ తేలుతూనే ఉంటుంది. నడుముకు కట్టి పైకి లాగిన తాడు అందరికీ కనిపిస్తుంది.

తాడు కనిపించగానే గోడకవతల గోల మొదలైంది. నేను వీపు తిప్పి కూర్చునే ఉన్నాను. కాసేపటికి నా ముందు ఆకుల చప్పుడు ఆగిపోయింది. అవతలి గోలకు భయపడ్డారేమో అనుకున్నాను. చేతులు చూశాను. ఆకుల మీద ఊరికే ఉన్నాయి. కొంగులు నోట్లో కుక్కుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. మగవాళ్ళ ముందు పగలబడి నవ్వకూడదని అట్లా దిగమింగుతున్నారు. పోశవ్వ అయితే చాట ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఆ గేటు దగ్గర మొదటిసారి, స్టూలు మీద నేను వెనక్కు తిరిగాను.

తెర మీద అత్తగారు తేలుతూ ఉంది. చేతిలో తడిచీర. ఆరేయడానికి జాగా వెతుకుతుంది. చంద్రుడి మీద దండెం ఎక్కడిది? పైకి చూసింది. తాడు కనిపించింది. చేత్తో గుంజి చూసింది, గట్టిగానే ఉంది. తనను వేలాడదీసిన ఆ తాడు మీదే చీర ఆరేసి, మూలలు సరిచేసి, చేతులు దులుపుకుంది.

నేను గట్టిగా నవ్వాను. పోశవ్వ తెర వదిలిపెట్టి నన్ను చూసింది.

దాన్ని గొప్ప సినిమా అని నేను అనను. రెండు పాటలు ఎందుకున్నాయో తీసినవాళ్ళకే తెలియాలి. చివర పంతులు చేసే ఉపదేశానికి ఆడవాళ్ళ దిక్కు ఆవులింతలు మొదలయ్యాయి. చంద్రుడి రాజు కూతురు ఊరికే కళ్ళార్పుతూ తిరిగింది. కానీ నేను నేత ఇంటిదాన్ని. గుడ్డ చూస్తే తెలుస్తుంది, చంద్రుడి మీదివాళ్ళ అంగీలు పాత దోమతెరలు. ఒక్కడే మనిషి ఐదు రకాల గడ్డాలు పెట్టుకుని ఐదుగురిగా తిరిగాడు. రాకెట్టు నూనె పీపాకు వెండి రంగు పూసినదే. ఉన్నదాన్ని దాచుకోకుండా వాడుకున్నారు. తాడు దాచే స్తోమత లేక దాన్నే దండెం చేశారు. అది సిగ్గుపడేవాడు చేసే పని కాదు, తెలివైనవాడు చేసే పని. మగవాళ్ళు ఇది చూడలేదంటే కారణం ఒకటే. తాడు కనిపించిన తర్వాత వాళ్ళు దాన్నే చూస్తూ అరిచారు. అరిచేవాడికి తర్వాతి ముచ్చట కనిపించదు.

వదిలాక పోశవ్వ గేటు దగ్గర ఆగింది. “ఆదివారం మా చెల్లెకు చూపిస్త. గీసారి ఉంచుతరా, తీస్తరా?” అని అడిగింది.

నాకు ఆ చంకలో బిడ్డ గుర్తొచ్చింది. “ఉంచుతరు. జర నీ చాట ఇటియ్యి” అని తీసుకుని సేటు దగ్గరికి పోయాను.

మెట్ల మీద

వడియాల మాట అయిపోయాక చాట సేటు ముందు పెట్టాను.

“ఏందిది?”

“పోశవ్వ చాట. ఇంట్ల నుంచి తెచ్చిన ఆకు శాన మట్టుకు అట్లనే ఉన్నది. రేపు కార్ఖానాల అప్పజెప్పేటిది ఉండంగ, తాడు కనపడ్డంక ఒక్క బీడీ చుట్టలే. ఒక్క పోశవ్వ గాదు, అందరు అంతే. కొంగులు ఎందుకు తడువలేదంటవా? నవ్వు బయటికి రాకుంట నోట్లె కుక్కుకున్నరు. నోట్లె తడిసినయి, పోయి చూస్కో.”

“బీడీలు జూసి సినిమా నడిపియ్యాల్నా?”

“నేను గిన్ని దినాలు నడిపిచ్చింది గట్లనే.”

ఇక దాచలేకపోయాను. చెరువు సినిమా ముచ్చట, పోశవ్వ చెల్లెలు మర్లిపోయిన ముచ్చట, నా కొలత మార్చుకున్న ముచ్చట అంతా చెప్పాను. సేటు చాట ఎత్తి నా చేతిలో పెట్టాడు.

“అంటే గా సినిమా నీ తప్పు మాట మీద తీసేసిననన్నట్టు.”

“అవును. తప్పు నాదే.”

“అప్పుడు తప్పు చెప్పినదానివి, గిప్పుడు నిజం చెప్తున్నవని ఎట్ల నమ్మాలె? ఊళ్ళె నా ఇజ్జత్ ఏం గావాలె? తాడు కనపడే సినిమా ఏసిండని నవ్వుతుండ్రు.”

“ఒగ్గుకథ చెప్పేటోడు ఒక్కడే దేవుడైతడు. తువ్వాల నెత్తిన కప్పుకుంటే దేవుని పెండ్లామైతడు. మీసం కనపడదా? నువ్వే ముంగట కూసోని కండ్లు తుడుసుకున్నవ్. మీసం ఉన్నదని పైసలు వాపస్ అడిగినవా?”

పైనుంచి మహబూబ్ భాయి, “బాత్ తో సహీ హై సేట్” అని నా మాటకు వంత పాడాడు.

“నువ్వు మిషను జూస్కో!” అని సేటు పైకి అరిచి, నా దిక్కు తిరిగాడు. “లచ్చక్కా, నీ గేటు నువ్వు జూస్కో, నా టాకీసు నేను జూస్కుంట.”

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఆ కోపం మంచిదే అనుకుంటాను. “నా మాట పనికిరాకపోతే నేను టికెట్ కత్తిరించే కత్తెర తోని సమానం. ఆదివారం మ్యాట్నీకి ఆడోళ్ళ దిక్కు నిండకపోతే స్టూలు నీది, గేటు నీది. నేను పోత.”

ఆయన బతిమాలతాడనుకున్నాను. “ఆదివారం దాక ఎందుకు? రేపు పొద్దుగాల టికెట్ల కట్ట ఇచ్చి పో” అని లోపలికి వెళ్ళిపోయాడు.

పోశవ్వ మెట్ల కింద నిలబడి అంతా విన్నది. నా చేతిలోంచి చాట తీసుకుని పోయింది. నేను ఇంటికి పోయి గేటు సంగతి ఎవరికీ చెప్పలేదు. మగ్గం మీద సగం పంచె ఉంది. ఇక రోజూ నూలు కండెలు చుట్టుకుంటూ కూర్చోవడమే అనుకున్నాను.

తెల్లారి

పొద్దున టికెట్ల కట్ట గుడ్డలో చుట్టుకుని టాకీసుకు వెళ్ళాను. బస్సు మా టాకీసు ఎదురుగా, చాయ్ హోటల్ పక్కన ఆగుతుంది. మహబూబ్ భాయి రేకు డబ్బాను అప్పటికే బస్సు పైకి ఎక్కించి తాళ్ళు కడుతున్నాడు. సేటు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. హోటల్ బెంచీ మీద నిన్న అరిచినవాళ్ళే నలుగురు చాయ్ తాగుతున్నారు.

కట్ట సేటు చేతికి ఇవ్వబోతుంటే బజారు మూలలో నవ్వులు వినిపించాయి.

బీడీల ఆడవాళ్ళు రాత్రంతా చుట్టినవి కార్ఖానాలో అప్పజెప్పి మర్లి వస్తున్నారు. రోజూ ఖాళీ చాట చంకలో పెట్టుకుని గబగబా పోయేవాళ్ళు. ఆ పొద్దున చాటలు నెత్తి మీద బోర్లించుకున్నారు. ఒకరి వెనక ఒకరు, ఒక్కొక్క కాలు మెల్లగా ఎత్తి, తేలుతున్నట్టు నడుస్తున్నారు. ముందు పోశవ్వ. ముఖంలో నవ్వు లేదు, చంద్రుడి మీదివాళ్ళ ముఖం ఎట్లా ఉందో అట్లాగే పెట్టింది. వెనకవాళ్ళు మాత్రం ఆగలేకపోయారు. బజారు నడుమ, మగవాళ్ళ ముందు, కొంగు అడ్డం లేకుండా నవ్వుతున్నారు.

హోటల్ బెంచీ మీది నుంచి ఒకడు, “పోశక్కా, తాడేది?” అని అరిచాడు.

పోశవ్వ ఆగింది. బొడ్లో దోపుకున్న బీడీ దారం ఉండ తీసి, ఒక కొస నడుముకు చుట్టి, రెండో కొస తన చేత్తోనే నెత్తి మీదికి ఎత్తి పట్టుకుంది.

“గిదిగో తాడు. నీ తువ్వాల ఇయ్యి, ఆరేస్త.”

బెంచీ మీదివాళ్ళు చాయ్ ఒలకబోసుకున్నారు. కండక్టరు బస్సు దిగి వచ్చి చూశాడు. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఒక ముసలాయన, “ఏం ఆటనే గిది?” అని అడిగితే, అడిగినవాడికల్లా ఆడవాళ్ళు మా టాకీసు చూపించారు.

పోశవ్వ మెట్ల ముందుకు వచ్చి సేటును చూసింది. “మా చెల్లె ఆదివారం వస్తది సేటూ” అంది. అంతే చెప్పి, కాలు మెల్లగా ఎత్తి, ముందుకు పోయింది.

సేటు గొంతు సవరించుకున్నాడు. “మహబూబ్! డబ్బా దించు.”

“దించాల్నా సేట్? ఇప్పుడే కట్టిన.”

“దించుమన్న గద.”

డబ్బా దిగింది. బస్సు పెద్దపల్లికి పోయింది. సేటు నా చేతిలోని గుడ్డ మూట చూసి, “గదేంది?” అన్నాడు. “టికెట్ల కట్ట” అన్నాను. “గేటు దగ్గర ఉండేది ఇక్కడెందుకు తెచ్చినవ్?” అని లోపలికి పోయాడు. నేను గేటు తీసి, స్టూలు దుమ్ము దులిపి, తెరకు వీపు వచ్చేటట్టు వేసుకున్నాను.